బార్లో రేవు మీద పడవ కోర్టు

ఎవరెన్ని చెప్పినా జడ్జి థాడియస్ ప్రూయిట్ వినే రకం కాదు. ఏప్రిల్ మొదటి సోమవారం ఫెడరల్ కోర్టు బార్లో రేవులోనే జరగాలని చట్టంలో ఉంది. ఆ బార్లో రేవును పోయిన వరదలో మిసోరీ నది కోర్టుతో సహా మింగేసింది. పాపం, చట్టానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పక్క ఊళ్లో కోర్టు పెడితే తీర్పు చెల్లదు. పెట్టకపోతే, ముసలాడికి ఇక చేతకాదని పత్రికలు రాస్తున్నది నిజమైపోతుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క వాయిదా తప్పని మనిషాయన. బతికున్నంతకాలం ఆయన్ని దిగిపొమ్మనే హక్కు ఎవరికీ లేదు గానీ, నవ్వే హక్కు అందరికీ ఉంది.

అందుకని రేవు మునిగిన చోటే నీళ్ల మీద జరిపేందుకు కోర్టు పడవెక్కింది.

నల్ల గౌనులో జడ్జి, తుపాకీతో కాపలాకు కోర్టు మార్షల్ హోల్కమ్, తెడ్లు వేస్తూ ముద్దాయి లెమ్యుయెల్ గాడ్. మార్షల్‌కు నడుం పట్టేసింది మరి, ఇంకెవరు వేస్తారు? తపాలా బండి తన మొక్కజొన్న చేను తొక్కుతోందని గాడ్ దారికి అడ్డంగా కంచె కట్టాడు. అదీ నేరం.

"మన ఒడ్డు వైపుకు వెయ్యవయ్యా," అన్నాడు జడ్జి. "ఆ ఇసుకదిబ్బ దాటితే అయోవా, వేరే రాష్ట్రం. అక్కడ నా మాట చెల్లదు."

"వేస్తున్నానండీ. నీళ్లు ఊరుకోవాలిగా."

"నేరం ఒప్పుకుంటావా?"

"కంచె నేనే కట్టానండీ. ఏదో జరిమానా వేసి పంపించండి, విత్తనాల వేళ."

జడ్జి లేచి నిలబడ్డాడు. కూర్చుని తీర్పు చెప్పడం ఆయన ఇంటా వంటా లేదు. పడవ ఊగింది.

"లెమ్యుయెల్ గాడ్, తపాలా ఆపిన నేరానికి నీకు జైలులో..."

గాడ్ తెడ్లెత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. పడవ సర్రున జారింది.

"ఎన్నాళ్లో చెప్పెయ్యండి దొరగారూ, దాటిపోతున్నాం," అన్నాడు మార్షల్.

జడ్జి నోరు తెరిచేలోపే ఇసుకదిబ్బ వెనకబడింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. చట్టం చట్టమే.

పడవ అయోవా ఒడ్డుకు తగలగానే మార్షల్ తుపాకీ ఎత్తాడు.

"దించవయ్యా. ఇక్కడ నువ్వు మార్షల్‌వి కాదు, నేను జడ్జిని కాను."

"మరి మనమెవరమండీ?"

జడ్జి తన నల్ల గౌను కేసి చూసుకున్నాడు. దాపరికమెందుకు, ఆయనకు భయం వేసింది.

గాడ్ బురదలోకి దూకి చెయ్యి అందించాడు. "ముసలాయనవి, ఇంకెవరు? రా తాతా, మా అత్తారిల్లు ఆ గట్టు మీదే. చలికి వణుకుతున్నావు, వేడిగా ఏదన్నా తాగుదువు గాని."

జడ్జికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని దిగాడు.