కొయ్య దగ్గరి మనిషి

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఆషాఢ గాలిలో తెరచాప కుదించబోయి, పుల్లమ్మ పెనిమిటి మద్దిలేటి చాప కట్టే కొయ్య దగ్గర కాలుజారి కృష్ణలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు.

మళ్లీ ఆషాఢం వచ్చేసరికి పడవ మరిది ఈరన్న చేతికొచ్చింది. అతను కొయ్య దగ్గరికి పోవలసిన పని లేకుండా చేస్తేనే పడవ కదలనిస్తానని పుల్లమ్మ పట్టుబట్టింది. ఈరన్న బావిగిలక ఒకటి కొయ్యకు బిగించి, తెరచాప తాడును దాని మీదుగా వెనక చుక్కాని పక్కనున్న మేకు దాకా తెచ్చాడు. కూర్చున్న చోటి నుంచే లాగితే చాప సగానికి ముడుచుకోవాలి.

"బాయి కాడ నీళ్లు చేదినట్టే వదినా," అని నవ్వాడు.

"నవ్వింది చాలు గానీ, నడిమేట్లో చేసి సూపించు. నేనూ వస్తాండా."

ఏటి నడుమ గాలి ఒక్కసారిగా విసిరింది. పడవ ఒరిగింది. ఈరన్న రెండు చేతులా చుక్కాని పట్టుకుని, అన్నతో పదేళ్లు పడవ నడిపిన అలవాటు కొద్దీ అరిచాడు. "అన్నా, చాప కుదించు!"

చాప ముడుచుకుంది. తాడు మాత్రం మేకుకు చుట్టింది చుట్టినట్టే ఉంది.

ఈరన్న మొహం పాలిపోయింది. "వదినా, నేను లాగలే."

"సూసినా." పుల్లమ్మ కొయ్య మొదట్లో ఉన్న ఖాళీ పలక వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ తమ్మునికి ఇప్పుడు తాడుండాది. నువ్వు ఈడ నిలబడే పని లేదు. ఇంక పో."

తర్వాత చుక్కాని తను పట్టుకుంది. "చాప ఇప్పి మళ్లా కుదించు. అన్నను పిలువొద్దు."

ఈరన్న పళ్లు బిగించి లాగాడు. గిలక కిర్రుమంది. ఈసారి గాలి బరువంతా అతని అరచేతుల మీదే పడింది. అది చూశాకే పుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.