పసుపు ఆరే బండ

రేణుకమ్మకు నిద్ర దూరమైంది ఒక తెల్ల కారు వల్ల. ఆ కారు తన వాకిట్లో ఆగి ఉంటే హాయిగానే నిద్రపోయేది. కానీ అది గోడ అవతల, తోటికోడలు జ్యోతిరాణి వాకిట్లో ఆగింది. అందులోంచి నిజామాబాద్ క్రషర్ సేటు ఆత్మారాం దిగాడు. జ్యోతిరాణి వేసిన కుర్చీలో కూర్చున్నాడు, ఆమె ఇచ్చిన చాయ్ తాగాడు, పోతూ పోతూ రెండు చేతులూ జోడించి దండం కూడా పెట్టాడు. బట్టలు ఆరేసే నెపంతో రేణుకమ్మ ఇదంతా చూసింది. ఆరేసిన బట్టల్నే తీసి మళ్ళీ మళ్ళీ ఆరేసింది.

సేటు వచ్చింది బండ కోసమని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. ఊరికి పడమట నేలకు కాస్త ఎత్తులో చదునుగా పరుచుకున్న నల్లబండ అది. దాన్ని పేల్చి కంకర చేస్తాడట, ఏటేటా జ్యోతిరాణికి కౌలు ఇస్తాడట. ఆ మాట విన్నప్పుడు రేణుకమ్మ కడుపులో రగిలిన మంట మీద అన్నం వండుకోవచ్చు.

ఎందుకంటే ఆ బండను జ్యోతిరాణికి అంటగట్టింది తనే. అన్నదమ్ముల పంపకాలప్పుడు కాలువ కింది నల్లరేగడి తన భర్త లింబాద్రి వాటాకు వచ్చేదాకా రేణుకమ్మ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. మరిది రామ్‌దాస్ మెతక మనిషి. అతనికి కొంచెం మెట్ట చెలక, మిగిలిందంతా రాయి. “సీతాఫలాలు ఏరుకొని బతుకుతరు తియ్,” అని ఆ రోజు ఆమె నవ్వింది కూడా. రామ్‌దాస్ జబ్బు చేసి పోయాడు, పట్టా జ్యోతిరాణి పేరు మీదికి వచ్చింది. అప్పటికీ రేణుకమ్మ లోపల ఆ నవ్వు అట్లాగే ఉంది. తెల్ల కారు వచ్చిన రోజే ఆగింది.

నిజానికి ఆ బండ లేనిదే ఊళ్ళో పసుపు లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరుకు మానేసిన వాళ్ళు కూడా పసుపులోకే దిగారు. ఉడకబెట్టిన కొమ్ములు ఆరాలంటే బండను మించింది లేదు. మట్టి అంటదు, పైన ఎండ, కింద రాతి వేడి, కొమ్ములు గలగలమనేలా ఎండుతాయి. పసుపు తవ్వే రోజులు రాగానే జ్యోతిరాణి బండంతా ఊడ్చి, సున్నంతో గీతలు గీసి, ఇంటింటికీ చోటు చూపించేది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. పొద్దున్నే ఎండ తగిలే తూర్పు కొస మాత్రం ఎప్పుడూ పెద్ద తోటికోడలు అక్కకే. రేణుకమ్మ దాన్ని తన హక్కు అనుకుంది గాని, ఒకరు ఇస్తే వచ్చిందని ఏనాడూ అనుకోలేదు.

“దానికి రాయి బంగారమాయె. మనకు బంగారమసొంటి భూమి మట్టే ఆయె,” అంది భర్తతో.

“మన మట్టిల రెండు పంటలు పండుతున్నయి గదనే. ఇంకేం గావాలె?” అన్నాడు లింబాద్రి.

“నీకేం తెల్వది. నువ్వు ఊకో.”

లింబాద్రి ఊకున్నాడు. కాపురం మొదలైన నాటి నుంచీ అతను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

బడి ముందు టెంటు వేసి గ్రామసభ పెట్టారు. ఊరివాళ్ళ అభిప్రాయం కావాలి, పట్టాదారు ఒప్పుకోలూ కావాలి, పట్టాదారు వద్దంటే క్వారీ లేనట్టేనని వచ్చిన ఆఫీసరు విడమరిచి చెప్పాడు. జ్యోతిరాణిని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రేణుకమ్మ వెనక జంపఖానా మీద కూర్చుంది. ఆమె కళ్ళు ఆఫీసరు మీద లేవు, ఆ కుర్చీ మీదే ఉన్నాయి. చెల్లె ఎట్లాగూ సంతకం పెడుతుందని ఆమె లెక్క. ఆ మాట జ్యోతిరాణిని అడిగింది మాత్రం లేదు.

మొదట టిప్పర్ నడిపే శివకుమార్ లేచాడు. “పని కోసం దినాం నిజామాబాద్ అడ్డా మీద నిలబడుతున్నం సార్. ఊళ్లెనే పని దొరుకుతదంటే ఎట్ల వద్దంటం? మన ఇండ్ల స్లాబులల్ల కంకర ఆకాశం నుంచి పడ్డదా? అది గూడ ఎవరో ఒకల ఊరి బండనే గదా.”

టెంటు కింద కొన్ని తలలు ఊగాయి. చెప్పింది అబద్ధం కాదు మరి. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లిస్తాం, చుట్టూ చెట్లు పెట్టిస్తాం అని సేటు మనిషి అందుకున్నాడు.

అప్పుడు రేణుకమ్మ లేచింది. డిగ్రీ చదివే కూతురు అంకితను అడిగి వారం నుంచీ సిద్ధమై ఉంది.

“చెట్లు పెరిగేదాంక మా పసుపు ఆగుతదా సార్? గంజ్ మార్కెట్ల ఒక్క కొమ్ము తీసుకొని గోటితోని గీకి చూస్తరు. మీద దుమ్ముంటే కుప్ప మొత్తం పక్కకు వెడ్తరు. మీరు బాంబులు పేలిస్తే బోర్లు ఉంటయా? శివకుమార్‌కు పని గావాలె, నిజమే. కని పసుపు ఉడకబెట్టనీకె, ఆరబోయనీకె, ఏరనీకె ఎంతమంది ఆడోళ్లు వస్తున్నరు? వాళ్లది పని కాదా? బండ పోతే మళ్ల మొలుస్తదా?”

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు రాసుకున్నాడు. శివకుమార్ కూడా తల వంచుకున్నాడు. చెప్పిన ప్రతి ముక్కా నిజం. అక్కడితో కూర్చుని ఉంటే బండ నేటికీ ఉండేది. కానీ చప్పట్ల మధ్య ఆమె చూపు మళ్ళీ ఆ కుర్చీ మీద పడింది.

“అయినా ఈ బండ ఎవలది సార్? మా మామ సంపాదించింది. మేం వద్దని పారేస్తే వాళ్లకు వచ్చింది. పారేసినదాన్ని సేటుకు అమ్ముకొని బంగ్లా కడ్తనంటే ఊరుకుంటమా? మొగడు లేడు, అడిగేటోడు లేడు. ఇంటికి కార్లు రావట్టె.”

చప్పట్లు ఆగిపోయాయి. జ్యోతిరాణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

“సార్, నేను ఇయ్యనని చెప్పనీకె వచ్చిన. సేటుకు ఆ రోజు చాయ్ పోసి ఇదే చెప్పిన. ఊరోళ్లు పసుపు యాడ ఆరబోసుకుంటరు, నేను ఇయ్య అని. ఆ మాట ఊరి ముందటనే చెప్పమన్నడు.”

ఆఫీసరు పక్కన కూర్చున్న ఆత్మారాం తన చెప్పుల వైపు చూసుకున్నాడు. జ్యోతిరాణి వెనక్కి తిరిగింది.

“అక్కా, ఇప్పుడు గూడ బండ ఉంటది. ఒక్క మాట అను. ‘బండ నీది’ అని నాతోని అను. నువ్వు పారేసింది కాదు, నా వాటా అని నీ నోటితోని అను. గంతే. నేను సంతకం పెట్ట.”

టెంటు కింద అందరూ రేణుకమ్మ వైపు తిరిగారు. ఏముంది అందులో, రెండే మాటలు. ఆమె నోరు తెరిచింది. పసుపు గుర్తొచ్చింది, తూర్పు కొస గుర్తొచ్చింది, అనేద్దామనే అనుకుంది. కానీ ఆ మాట అంటే బండతో పాటు ఆ కుర్చీ, సేటు పెట్టిన దండం, ఊరు కొట్టబోయే చప్పట్లు అన్నీ జ్యోతిరాణివే అవుతాయి.

“అనరాదే,” అన్నాడు వెనక నుంచి లింబాద్రి. పెళ్ళయ్యాక అతను ఊకోకుండా ఉన్నది ఆ ఒక్కసారే.

“నేనెందుకనాలె?” అంది రేణుకమ్మ.

జ్యోతిరాణి బల్ల దగ్గరికి పోయి కాగితం మీద సంతకం పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయింది.

ఏడాది తిరిగేసరికి బండ ఉన్నచోట గుంత ఉంది. మధ్యాహ్నం సైరన్ మోగితే కోళ్ళు ఇళ్ళలోకి ఉరుకుతాయి, తర్వాత నేల అదురుతుంది. శివకుమార్‌కు పని దొరికింది, ఆ మాట కూడా చెప్పుకోవాలి. జ్యోతిరాణి బంగ్లా అయితే కట్టలేదు. అప్పుడప్పుడు చీపురు చేతిలో పట్టుకుని బయల్దేరి, రోడ్డు మలుపు దాకా పోయి, గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. అది చూసి కూడా రేణుకమ్మ కుళ్ళుకుంది. ఏడవడానికైనా దానికి ఒక బండ ఉండె, నాకేముంది అనుకుంది.

పసుపును ఇంటి ముందు తాటిపత్రి పరదా మీద ఆరబోశారు. క్వారీ వాళ్ళు నీళ్ళు చల్లినన్ని రోజులు చల్లారు, మానేసిన రోజుల దుమ్ము వచ్చి పసుపు మీద పడింది. బస్తాలు నింపుకుని భార్యాభర్తలు నిజామాబాద్ గంజ్‌కు పోయారు. అడ్తిదారు మల్లికార్జున్ కుప్పలోంచి ఒక కొమ్ము తీసి గోటితో గీకాడు. వేలికి బూడిదరంగు అంటింది. దాన్ని రేణుకమ్మకు చూపించాడు.

“రాయి దుమ్మమ్మా ఇది. మీ ఊరి బండ పసుపంటే కళ్లు మూసుకొని తీసుకుంటుంటిమి. ఏమైంది?”

“క్వారీ పడ్డది.”

“ఎవలిచ్చిండ్రు? ఎవలది ఆ బండ?”

“జ్యోతిరాణిది,” అంది రేణుకమ్మ, ఎక్కడా తడబడకుండా. “నా తోటికోడలు. బండ ఆమెదే.”

లింబాద్రి భార్య ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయి, ఊకున్నాడు. మల్లికార్జున్ కొమ్మును తిరిగి కుప్పలో పడేసి పక్క రైతు దగ్గరికి నడిచాడు.