పోయినవాడితో జోడీ

వాషింగ్టన్ బురదకి పార్టీ భేదం లేదు. ఎవరి జోళ్ళలోనైనా ఒక్కటే లాక్కుని రెండోది కాలికి వదిలేస్తుంది. ఒంటి బూటుతో మనిషి ఏం చేసుకోవాలి? ఒహాయో ప్రతినిధి ఎసహెల్ ప్రిండిల్ ఆ ఉదయం ఎడమకాలిది బురదకిచ్చేసి, కుంటుకుంటూ బసకి తిరిగొచ్చాడు.

"చప్పుడు చెయ్యకండి బాబూ," అంది బస నడిపే మిసెస్ గ్రబ్. "పైగదిలో టార్వర్ గారు ఇందాకే పోయారు. శనివారం దాకా అద్దె కట్టేశారు కూడాను, పాపం."

ప్రిండిల్ టోపీ తీశాడు. టార్వర్ ఎదుటి పార్టీ సభ్యుడు. మంచం పట్టగానే ప్రిండిల్ చెయ్యి పట్టుకుని జోడీ కట్టాడు. ఒకాయన సభకి రాలేనన్నాళ్ళూ రెండో ఆయన కూడా ఓటెయ్యకూడదు. కాయితం లేదు, సాక్షి లేడు. పెద్దమనుషుల మాట, అంతే.

ఆ మధ్యాహ్నమే కెజాయా స్ట్రౌడ్ అనే ఆవిడ పెన్షన్ బిల్లు ఓటుకొచ్చేది. ఆమె మొగుడు యుద్ధం నుంచి జ్వరంతో వచ్చి ఇంట్లో మంచం మీద పోయాడు. అందుకని పెన్షన్ల ఆఫీసు దృష్టిలో యుద్ధంలో పోలేదు. నెలకి ఎనిమిది డాలర్లు రాకపోతే ముగ్గురు పిల్లల్నీ అనాథల ఇంట్లో వదలాలి. నాలుగేళ్ళు తిరిగి ఆ బిల్లుని సభ దాకా తెచ్చింది ప్రిండిలే.

సభలో పక్క కుర్చీ హాక్సీ తలలు లెక్కపెట్టాడు. "సరిసమానంగా ఉన్నాం. నీ ఓటుతో గట్టెక్కుతాం."

"నాకు టార్వర్‌తో జోడీ ఉంది."

"ఆయన పొద్దున్నే పోయాడు కదయ్యా!"

"అదే చిక్కు. నన్ను విడిపించాల్సింది ఆయన. ఇప్పుడెలా అడగను?"

"ఆయన ఇంక సభకి రాడుగా. అయితే నువ్వు చచ్చేదాకా ఓటెయ్యవా?"

"ఆయన సీటులోకి కొత్తాయన వచ్చేదాకా చాలనుకుంటా."

"నీ మొహం! పైన గ్యాలరీలో కూర్చుంది ఆ కెజాయా."

ప్రిండిల్ పైకి చూడలేదు. చూస్తే మర్యాద తప్పుతానేమోనని భయం. గుమస్తా "ప్రిండిల్" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ప్రిండిల్ అరువు తెచ్చుకున్న బూటు వంక చూస్తూ కూర్చున్నాడు. ఓట్లు సమానమయ్యాయి, సమానమైతే ఓడినట్టే లెక్క. బిల్లు పోయింది.

రెండు పార్టీలవాళ్ళూ వచ్చి చెయ్యి కలిపారు. "మాటంటే నీదయ్యా!" అని ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. తర్వాత టార్వర్ శవపేటికకీ నల్లగుడ్డకీ వెయ్యి డాలర్లు, ఒక్క గొంతు అడ్డం లేకుండా మంజూరు చేశారు. దానికి ప్రిండిల్ కూడా "ఔను" అన్నాడు. అది జోడీ కిందికి రాదట.

మెట్ల దగ్గర కెజాయా ఎదురొచ్చింది. చేతిలో తను అల్లిన ఉన్ని మేజోళ్ళు.

"అయ్యా, మీ పేరు రెండుసార్లు పిలిచారు. నాకు స్తంభం అడ్డమొచ్చింది, మీరు కనబళ్ళేదు. బయటికెళ్ళుంటారు. ఎవరన్నా పిలుచుకొస్తే ఏం పోయింది? మీరుంటే గెలిచేవాళ్ళం, కదండీ?"

మేజోళ్ళు ఆయన చేతిలో పెట్టింది. జత సరిగ్గా ఉంది.

అయ్యా, అమ్మా, చదువుతున్నవాళ్ళూ, ప్రిండిల్ ఇంకా ఆ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె రైలు ఐదింటికి. "లోపలే ఉన్నాను" అనమంటారా, "బయటికెళ్ళాను" అనమంటారా? మేజోళ్ళు ఉంచుకోవాలా, తిరిగివ్వాలా? నాకేమీ తోచడం లేదు. మీకు పుణ్యముంటుంది, ఎవరైనా కాస్త త్వరగా చెప్పండి. ఆమె ఆయన మొహం వంకే చూస్తోంది.