పిచ్చుక తాగిన పాలు

తల్లులు పనికెళ్తూ పిల్లల్ని దింపిపోయే ఆ పసిపిల్లల బడిలో పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు వండిపెట్టింది. మానేసి ఎన్నాళ్లయినా, పదకొండు కొట్టేసరికి ఇప్పటికీ ఆవిడ చెయ్యి గరిటె కోసం తడుముకుంటుంది. ఎంతమందికి పెట్టలేదూ, గుర్తొచ్చేది మాత్రం పిచ్చుకే.

పిచ్చుకంటే రెండేళ్ల పిల్ల. కాళ్లూ చేతులూ పుల్లలు. మొహం సున్నం కొట్టిన గోడ. కంచం ముందు కూర్చోబెడితే మూతి అటు తిప్పేసేది. గుడ్డు మెత్తగా నలిపి పెట్టినా అంతే. నెలనెలా వచ్చే నర్సమ్మ తూకం వేసి, కింది రెప్ప లాగి చూసి, "పిల్లకి రక్తం లేదు. వచ్చే నెలకీ ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పెట్టాల్సిందే" అనేసి పోయింది.

పెద్దమ్మ గుండెల్లో రాయి పడింది. తన చేతి కూడు తిని గుండ్రాళ్లలా తిరిగే పిల్లలు ఇంతమంది ఉండగా, ఈ ఒక్కదానికేం వచ్చింది?

అన్నం ఎలాగూ ముట్టదు కదా అని, పొద్దున్నే ఎవరూ చూడకుండా ఓ గ్లాసు పాలు పట్టడం ఆవిడకి అప్పటికే అలవాటు. పిచ్చుక వంటగది గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచేది. గటగటా తాగి, పాల మీసంతో నవ్వేది. నర్సమ్మ మాట విన్నాక పెద్దమ్మ ఇంకా పెద్ద గ్లాసు తీసింది.

నెల తిరిగింది. తూకం ముల్లు ఉన్నచోటే ఉంది. నర్సమ్మ పిల్ల తల్లినీ, టీచరమ్మనీ, పెద్దమ్మనీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఇది రోజంతా ఏం తింటుందో దాచకుండా చెప్పండి."

"ఏం తింటుందండీ నా మొహం. బయల్దేరేముందు ఓ పాలసీసా ఇస్తాను, అంతే" అంది తల్లి.

టీచరమ్మ కొంగు సర్దుకుంది. "పదింటికి నా ఫ్లాస్కులో పాలు కాసిని నేనూ... పాపం కదా అని."

"నీ సంగతేంటి పెద్దమ్మా?"

పెద్దమ్మ చేతిగుడ్డ మడతపెట్టి, మళ్లీ విప్పింది. "ఓ గ్లాసు. పెద్ద గ్లాసే."

నర్సమ్మ ముగ్గురి మొహాలూ చూసింది. "బాగుంది. తలా ఓ చెయ్యేసి దాని కడుపు పాలకుండ చేశారు. ఇంక అన్నానికి చోటేదీ? పాలు మితిమీరితే తిండిలో ఇనుము ఒంటికి పట్టదు, రక్తం ఊరదు. సాయంత్రం ఒక్క గ్లాసు చాలు. నేనిచ్చే మందు వెయ్యండి. ఇంకో నెల చూస్తాను, ఆ తర్వాత ఆసుపత్రే."

మర్నాడు పిచ్చుక గుమ్మంలో చేతులు చాచింది. పెద్దమ్మ పొయ్యివైపు తిరిగిపోయింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. పెద్దమ్మ అక్కర్లేకపోయినా ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది, కళ్లనీళ్లకి ఓ కారణం కనబడాలిగా.

మూడు రోజులు అదే వరస. నాలుగోనాడు మధ్యాహ్నం పిచ్చుక పక్కవాడి కంచంలో గుడ్డు లాక్కుని నోట్లో కుక్కుకుంది. వాడు లబోదిబోమన్నాడు. టీచరమ్మ కేకెయ్యబోయింది.

"ఊరుకోమ్మా, లాక్కోనీ" అని పెద్దమ్మ అడ్డుపడింది. "వాడికి నేను రెండు పెడతాలే."

నెలాఖరుకి ముల్లు ముందుకి జరిగింది. నర్సమ్మ ఆసుపత్రి ఊసెత్తలేదు. పట్టలేని సంతోషంతో పెద్దమ్మ పిల్లని చంకనేసుకుంటే, అది దిగిపోతానని ఒకటే గింజుకోవడం. కంచాలు పెట్టే వేళయింది మరి.