నిరపరాధియగు ఇత్తడిబిళ్ళ

పుష్యమాసపు తొలివారమున సూర్యోదయమునకు గడియ ముందు చింతపల్లి మన్యమునందలి లోయలన్నియు పొంగు పట్టిన పాలకడవలవలె మంచుతో నిండి అంచులు దాటి రహదారిపైకి ఒలుకుచుండెను. పగటివేళ పసుపు ఆరబోసినట్లుండు వలిసెపూల చేలు ఆ ధవళప్రవాహమున మునిగి తమ వన్నెను దాచుకొనియుండెను. కాఫీతోటలకు నీడపట్టు ఉన్నతవృక్షములు నడుమువఱకు కనబడక శిరస్సులు మాత్రము గగనమున వ్రేలాడుచున్నట్లు తోచెను. గడ్డిపరకల కొసలయందు రాత్రి నిలిచిన నీటిబిందువులు గడ్డకట్టి ఉప్పుకల్లులవలె మెఱయుచుండెను. అట్టి హిమవేళ ఒక తెల్లని అద్దెకారు రెండు దీపములను పచ్చగా వెలిగించుకొని లంబసింగి కనుమవైపు మెల్లమెల్లగా సాగుచుండెను.

ఆ కారును నడపుచున్నవాడు అనకాపల్లివాసియగు బొడ్డేడ వరహాలు. మంచు చూడవచ్చిన యాత్రికులను కొండ కెక్కించి వారు నిద్ర లేచునందాక ఊరక యుండవలసిన ఆ ఏబదేండ్ల మనుష్యుని, ఆరోగ్యకేంద్రపు నర్సు సలోమి తలుపు తట్టి లేపి తోడ్కొని వచ్చెను. వెనుక సీటునందు కిల్లో చిన్నాలమ్మ యను బాలింత కూర్చుండియుండెను. ఆమె ఱొమ్మున, రెండు కంబళ్ళ క్రింద, గతసాయంకాలమున ఏడవనెలలోనే పుట్టిన ఆడుశిశువు. దాని బరువు పదునాలుగువందల గ్రాములు. అది పాలు త్రాగకుండెను. నర్సీపట్నపు ఆసుపత్రిలో వెచ్చని పెట్టె యున్నది. అచ్చటికి చేరువఱకు శిశువునకు చలి తగులరాదు. ఆంబులెన్సు ఆవలి లోయయందు కూలిన చెట్టునకు అవతల చిక్కుకొనియుండెను.

కారున హీటరు ఉన్నది. వరహాలు దాని మీటను ఎఱ్ఱగీత కొసవఱకు త్రిప్పెను. గాలి వచ్చెను. కాని అది వెలుపలి గాలికంటెను చల్లగా తోచెను.

"ఏటన్నా, వేడి పెట్టమంటే ఏసీ పెట్టేవా?" అని సలోమి అడిగెను.

"ఎర్రగీత దాటితే మీట ఊడి సేతికొస్తాదమ్మా! అనకాపల్లిలో దీంతో పనేటి? కొన్నకాణ్ణుంచి ఒక్కపాలి తిప్పిన పాపాన పోలేదు."

సలోమి కంబళి క్రిందకు చేయి పోనిచ్చి శిశువు పాదములను తాకెను, అవి చల్లబడియుండెను. పొట్టను తాకెను, అది ఇంకను వెచ్చగానే యుండెను. పాదములు చల్లబడుట హెచ్చరిక యనియు, పొట్ట చల్లబడుట అపాయ మనియు ఆమె ఎఱుగును. కన్నతల్లియే గజగజ వణకుచుండగా ఆమె మేనివేడి బిడ్డకు ఎంతసేపు చాలును? "కనపడ్డ మొదటి పొయ్యి దగ్గర ఆపు" అని ఆమె నెమ్మదిగా పలికెను.

కనుమ యెక్కుడు ప్రారంభమగు చోట గెమ్మెలి ముత్తేలమ్మ టీకొట్టు అప్పుడే పొగ విడుచుచుండెను. లోపల వంతల గాసన్న యను మెకానిక్కు గాజుగ్లాసును రెండు చేతుల నడుమ పట్టుకొని వెచ్చదనమును పీల్చుకొనుచుండెను. సంతకు పోవు జీపులన్నియు అతని చేతిలో నొకపరి విప్పబడినవే. సలోమి తల్లీబిడ్డలను పొగ తగులని గోడవాఱ పొయ్యికి చేరువగా కూర్చుండబెట్టి, జరిగినది రెండుమాటలలో చెప్పెను. గాసన్న గ్లాసు దింపి, కారు మూత యెత్తి, ఇంజనుపై అఱచేతిని మోపెను.

"ఇంత దూరం వచ్చినా సల్లగుంది. ఇంజన్‌కే సలైతే మీకేటి వేడిస్తాది? దీని థర్మోస్టాట్ వాల్ ఎవుడు పీకేసేడు?"

"ఎవుడో కాదు, మా బావే" అని వరహాలు కొంచెము గర్వముతోనే చెప్పెను. "వేసంగిలో తుమ్మపాల దగ్గర పొగలు కక్కేసింది. ఆ వాలే మూసుకుపోయిందని పీకేసేడు. పాతికేళ్ళ నుంచీ మేస్త్రీ."

"మీ బావకి వేసంగి ఒక్కటే తెల్సు. సలికాలం ఎప్పుడూ ఆళింటికి సుట్టపుసూపుకైనా రానట్టుంది."

గాసన్న యెత్తిపొడుపునందు నిజము లేకపోలేదు. ఇంజనును చల్లబఱచు నీరు ఆ వాల్వుగుండ పోవలెను. ఇంజను చల్లగా నున్నంతసేపు అది మూసుకొని నీటిని లోపలనే నిలిపి కాగనిచ్చును. కాగిన పిదప విచ్చుకొని నీటిని రేడియేటరునకు పంపును. హీటరు తన వేడిని ఆ కాగిన నీటినుండియే యెరువు తెచ్చుకొనును. ఎండలు మండు మైదానమున మేస్త్రీలు ఆ ద్వారపాలకుని తొలగించి, ఇక ఇంజను మరుగదని నిశ్చింతగా నుందురు. ద్వారపాలకుడు లేని యింట వెచ్చదనము నిలుచుట యెట్లు?

"కొత్తది నర్సీపట్నం నుంచి రావాల" అని గాసన్న గొణిగెను. "రేడియేటర్‌కి అట్ట అడ్డం కడితే కాగుద్ది గానీ, గంట పడతాది."

"గంట బిడ్డ ఆగదు" అని సలోమి చెప్పెను.

హీటరు మీటను చూచుటకై కారులోనికి వంగిన గాసన్న అట్లే నిలిచిపోయెను. అద్దము క్రింద సింహాద్రి అప్పన్న పటము. దాని యెదుట చింతపండుతో తోమగా తళతళలాడు ఒక ఇత్తడిబిళ్ళ. దాని నడుమనున్న తీగచుట్టలో సగము కాలిన అగరువత్తి.

"ఇదెక్కడిది?"

"మా బావ పీకిన సామాను పీకినట్టు సేతిలో ఎడతాడు, రేపు ఎవులూ అనుమానపడకుండా. ఇత్తడి గదాని మా ఆవిడ తోమి సావి ముందర..." వరహాలు మాట నడుమనే నిలిచెను. తాను ఎనిమిది నెలలుగా ఉదయసాయంకాలములు దేనికి ధూపము పట్టుచున్నాడో అతనికి అప్పుడు తెలిసెను.

అయినను అతడు బిళ్ళపై చేయి అడ్డము పెట్టెను. "ఒద్దు. ఇది ఎట్టేక ఎక్కుడులో మళ్ళీ మరిగితే? మద్దిలో బండాగిపోతే ఆ పసిగుడ్డుకి దారేటి?"

ఆ ప్రశ్న న్యాయమైనది. గాసన్న, "ఎట్టేముందు ఇది పన్జేస్తాదో లేదో మరిగించి సూద్దారి" అని వరహాలు చేతిని తప్పించి అగరువత్తిని తీసి ప్రక్కన పెట్టెను. బిళ్ళకు దారము కట్టి, మరుగుచున్న గిన్నెవైపు నడచెను.

"ఓరి గాసన్నా, నా గిన్నెలో ఇనప సామానేటి? ఇయ్యాల ఇంజనాయిలు టీ అమ్మమంటావేటి?" అని ముత్తేలమ్మ గరిటె యెత్తెను.

"ఇత్తడే అత్తా. పైగా సావి పెసాదం."

ముత్తేలమ్మ నవ్వు ఆపుకొనుచు వేఱొక గిన్నెలో మరుగుచున్న మంచినీళ్ళను చూపెను. బిళ్ళ మరుగునీట మునిగెను. అందఱును తలలు వంచి చూచుచుండగా, దాని నడిమి మూత ఱెప్ప తెఱచినట్లు మెల్లగా విచ్చుకొనెను. గాసన్న పైకి తీసెను. చలిగాలి తాకినంతనే అది మూసుకొనెను. మరల ముంచెను; మరల విచ్చుకొనెను.

"బాగానే ఉంది గదా. ఆ రోజు మీ బావ ఇంకేటి మార్సేడు?"

వరహాలు రేడియేటరునకు నీరు చేరవేయు గొట్టమువైపు చేయి చూపెను. "పైగొట్టం పగిలిపోతే... అదీ మార్సేడు."

"అదీ సంగతి. తప్పు గొట్టానిది. గెంటేసింది దీన్ని."

వరహాలు నర్సువైపు చూచెను. సలోమి శిశువు పొట్టపై చేయి యుంచి, "ఎంతసేపు?" అని మాత్రము అడిగెను.

"ఇంజను సల్లగుంది గదమ్మా, సెయ్యి కాలదు. ఇరవై నిముషాలు."

"కానీ."

వరహాలే బిళ్ళకు కట్టిన దారమును విప్పి, తన చేతితో దానిని గాసన్న కందిచ్చెను. రెండు బోల్టులు విప్పబడెను. అతుకునుండి నీరు కారకుండుటకు వలసిన గ్యాస్కెట్టు లేకపోగా గాసన్న యాత్రికులు విడిచిన మిఠాయిపెట్టె అట్టను అంచుపై నుంచి, చిన్నసుత్తితో చుట్టును తట్టి, అచ్చముగా గుండ్రని వలయమును త్రెంచి గ్రీసు పూసి, బిళ్ళను దాని చోట బిగించెను. ముత్తేలమ్మ అడుగకమున్నే ఉదయపు టీకై కాచిన నీళ్ళన్నిటిని మోసికొని వచ్చి, "ముందు దీనికి తాపు. బేరం ఎక్కడికీ పోదు" అనెను. ఆ వేడినీరే రేడియేటరున పోయబడెను. గాలిబుడగలు అడగునందాక రేడియేటరు మూత తెఱచియే ఇంజను నడిపి, గాసన్న చేతులు తుడుచుకొని, "అన్నా, వేడిముల్లు మద్దికొచ్చి ఆగాల. మద్ది దాటితే ఆపీ. దాటదు" అనెను.

తల్లీబిడ్డలను, నర్సును ఎక్కించుకొని కారు ఎక్కుడున పడెను. ఎనిమిది నెలలుగా అడుగుననే పడియున్న వేడిముల్లు కదలెను. వరహాలునకు దారి ఒక కన్నును ముల్లు ఒక కన్నును అయ్యెను. తుమ్మపాలకడ లేచిన పొగ అతని కనులయెదుట మరల లేచుచుండెను. ఒక మలుపు. ముల్లు పావు దాటెను. ఇంకొక మలుపు. ముల్లు నడిమిగీతను చేరెను. అతని పాదము తనంత తానే బ్రేకుపైకి పోయెను. వెనుక సలోమి, "పొట్ట కూడా చల్లబడతా ఉంది" అని తగ్గుగొంతుకతో చెప్పెను. వరహాలు పాదమును వెనుకకు తీసికొనెను. మూడవ మలుపు నిట్టనిలువుగా లేచెను. ఇంజను మూలిగెను. ముల్లు నడిమిగీతపై వణకి, వణకి, అచ్చటనే నిలిచెను.

అతడు హీటరు మీటను త్రిప్పెను. మొదట ధూళివాసన వచ్చెను. పిమ్మట అద్దముక్రింది అగరుబూడిద లేచి పరిమళించెను. ఆ వెనుక, పొయ్యిముందు కూర్చున్నప్పటి గాలివంటి గాలి మెల్లగా కారంతయు నిండెను. అద్దములు తేటపడెను. చిన్నాలమ్మ వణకు తగ్గెను. కనుమ దిగి మామిడితోటలు కనబడునప్పటికి సలోమి పొట్టను తాకి, పాదమును తాకి, ఏమియు చెప్పకమున్నే కంబళి క్రిందినుండి పిల్లికూనవంటి సన్నని యేడుపు వినబడెను.

"ఏటమ్మా, ఏటయ్యింది?" అని వరహాలు కంగారుపడెను.

"ఏం కాలేదన్నా. ఆకలేస్తాందంట" అని చిన్నాలమ్మ ఆ ప్రయాణమున తొలిసారి నోరు విప్పి, శిశువును ఱొమ్మున కదుముకొనెను.

ఆసుపత్రిద్వారమున తల్లీబిడ్డలు లోపలికి పోయిన పిదప వరహాలు ఒక్కడే ఇంజను ఆపని కారున కూర్చుండి అప్పన్న పటమువైపు చూచెను. బూడిద పఱచుకొన్న పలకపై, బిళ్ళ యుండినచోట, పూర్ణిమాచంద్రుని వంటి శుభ్రమైన గుండ్రని జాడ మిగిలియుండెను. అతడు క్రొత్త అగరువత్తిని వెలిగించెను. కాని దానిని నిలుపుటకు కుదురు లేదు. నేరము చేయనిదానిని తొలగించి దేవుని యెదుట నిలిపినంతమాత్రమున దానికి న్యాయము జరిగినట్లు కాదనియు, దాని చోటును దానికి మరల నిచ్చుటయే న్యాయ మనియు అతనికి తోచెనో లేదో తెలియదు. అగరువత్తి కొసవఱకు కాలునందాక అతడు దానిని తన వ్రేళ్ళనడుమనే పట్టుకొని కూర్చుండెను. ఎదుట, వేడిముల్లు నడిమిగీతపై కదలక నిలిచియుండెను.