చేతులెత్తిన తరగతి

పౌరశాస్త్రం చెప్పే ఆయనకు తొమ్మిదో తరగతి పిల్లలు పెట్టిన పేరు ‘సభ మాస్టారు’. కిటికీ మూయాలన్నా ఆయన తరగతిలో సభ జరగాల్సిందే. ఒకరు ప్రతిపాదించాలి, ఒకరు బలపరచాలి, ఒకరు కాదనాలి, ఆపైన అందరూ చేతులెత్తాలి. ఈలోగా వాన లోపలికొచ్చి బెంచీల మీద కూర్చునేది. “పౌరుషం లేనివాడు పౌరుడెలా అవుతాడర్రా” అనేవారు మాస్టారు. పౌరశాస్త్రాన్ని ఆయన పోరుశాస్త్రంగా చెబితే, బడి యజమాని బోరుశాస్త్రం అనేవాడు. యజమాని స్వయానా మాస్టారి బావమరిది కావడంతో ఆ మాట బడిలోనే కాక ఇంట్లో అన్నాల దగ్గర కూడా వడ్డించేవాడు.

ఆ బావమరిది ఓ ఉదయం స్టాఫ్ రూములోకి వచ్చాడు.

“బావగారూ, పాఠాలు చెప్పే ఏఐని తెచ్చాం. ఏదడిగినా రాసిచ్చేస్తుంది. ఇకనుంచి సివిక్స్ దానికే. మీరు హాయిగా అక్కకు కూరలు తరిగిపెట్టండి.”

“నన్ను తీసేస్తున్నావా?”

“తీసెయ్యడమేంటి బావా, విశ్రాంతి ఇస్తున్నా. మీతోపాటు మీ జీతానికి కూడా.”

ఇంకొకరైతే కాళ్ళు పట్టుకునేవారు, లేదా కాలరు పట్టుకునేవారు. మాస్టారు పట్టుకున్నది పద్ధతిని.

“చదువు పిల్లలది. సభ పెట్టి వాళ్ళనే అడుగుదాం. నన్ను వద్దంటే నేనే వెళ్ళిపోతాను.”

బావమరిది నవ్వాపుకోవడానికి దగ్గాడు. “మీ ఇష్టం” అన్నాడు.

సభ రోజున మాస్టారు ఇస్త్రీ చొక్కాలో వచ్చి అధ్యక్ష కుర్చీలో కూర్చున్నారు. ఆయన ధీమా అంతా ముందు బెంచీ పిల్ల మీదే. నోరు తెరిస్తే తడబడే ఆ పిల్లకు ఓపిగ్గా మాట నేర్పి, వాళ్ళ వీధి కుళాయి సంగతి మునిసిపల్ ఆఫీసరు ఎదుటే అడిగించారు. కుళాయికి నీళ్ళొచ్చాయి, పిల్లకు నోరొచ్చిందనుకున్నారు.

ఆ పిల్లే ముందుగా లేచి, బడి కొత్తగా ఇచ్చిన ఏఐ ట్యాబ్ తెరిచి చదివింది.

“గౌరవనీయులైన అధ్యక్షా, మాస్టారి సేవలు చిరస్మరణీయం. అయితే ఆయన ఒక పాఠం చెప్పేలోగా ఏఐ పుస్తకమంతా చెప్పగలదు. కనుక ఆయనకు సగౌరవంగా సెలవివ్వాలని ప్రతిపాదిస్తున్నాను.”

ఎక్కడా తడబడలేదు.

“బాగుందమ్మా. అది మూసి, నీ మాటల్లో చెప్పు.”

పిల్ల ట్యాబ్ మీదికి వంగి ‘నా మాటల్లో చెప్పు’ అని టైపు చేసింది. తరగతి ఘొల్లుమంది. వచ్చిన జవాబును తల దించుకుని చదివింది.

“మీ క్లాసంటే నాకు భయం మాస్టారూ. లేచి మాట్లాడమంటారు, అందరూ నవ్వుతారు. ఇది నవ్వదు.”

“ఈ మాట నీదా, దానిదా?”

“ఏమో మాస్టారూ. కానీ కరెక్టే.”

వెంటనే ఎవరో బలపరిచారు. ఇక కాదనేవారు ఒకరు కావాలి. మాస్టారు బెంచీ బెంచీకీ చూపు తిప్పారు. చివరికి వెనకనుంచి ఒకడు లేచాడు.

“మీరెందుకుండాలో కారణాలు అడిగాను మాస్టారూ. వచ్చేలోపు ఛార్జింగ్ అయిపోయింది.”

కూర్చున్నాడు. చేతులు లేచాయి. మాస్టారు లెక్కపెట్టి, పద్ధతి ప్రకారం మళ్ళీ లెక్కపెట్టి, “తీర్మానం నెగ్గింది” అన్నారు.

“ఎంత బాగా నేర్పారు బావగారూ, ఒక్క పొరపాటు లేదు” అని, వెనక గోడకానుకుని చూస్తున్న బావమరిది చప్పట్లు కొట్టాడు.

మాస్టారు గుమ్మం దాకా వెళ్ళారో లేదో, ఎవరో పిలిచారు. “సభ ముగిసిందని చెప్పలేదు మాస్టారూ. మీరు చెప్పకుండా మేం లేవకూడదు కదా.”

ఆయన వెనక్కొచ్చి, అదే కుర్చీలో కూర్చుని, సభ ముగిసిందని చెప్పారు. అప్పటికే ముందు బెంచీ పిల్ల టైపు చేస్తోంది: ‘మాస్టారికి వీడ్కోలు రాయి. నాలుగు వాక్యాలు చాలు. కొంచెం ఏడుపు కూడా పెట్టు.’