మొదటి అధ్యాయంలో తాలింపు

షౌకీ అమ్మ పోయి నలభై రోజులైంది. ఇన్నాళ్లలో అతని కంట ఒక్క చుక్క రాలేదు. షుబ్రా పేటలో వాళ్ల వీధి వీధంతా వచ్చి ఏడ్చిపోయినా, తను మాత్రం కుర్చీలు సర్దుతూ, వచ్చినవాళ్లకు చావింటి ఆచారం ప్రకారం చక్కెర లేని కాఫీ అందిస్తూ తిరిగాడు. తనకేదైనా జబ్బేమోనని లోలోపల భయంగానే ఉంది.

ప్రచురణకర్త అతని నవల మొదటి మూడు అధ్యాయాలు తిప్పి పంపాడు. "అమ్మ పాత్ర బొమ్మలా ఉంది. సరిచేయండి, లేదా తీసేయండి. గురువారానికి కావాలి," అని పుట అంచున రాశాడు. తన అమ్మనే చూసి, ఆవిడ బతికుండగా రాసిన పుటలవి. తీసేయడమే సులువనిపించింది షౌకీకి. పొద్దుటినుంచి వంటింటి సన్నివేశం మీద ఎర్రకలం పెట్టి, ఆనపకాయ తరిగినట్టు తరుగుతూ పోయాడు.

అక్క ఇన్‌సాఫ్ నలభయ్యో రోజు వంట చేయడానికి వచ్చింది. ములూఖియా ఆకు తరగడం ఆపి, బల్ల మీది కాగితం లాక్కుని చదివింది.

"ఒరేయ్, ఎవరిదిరా ఈ వంట?"

"అమ్మది."

"కాదు. తాలింపు పోసేటప్పుడు ఊపిరి ఎగబీల్చిందని ఎక్కడ రాశావు?"

"అదేమన్నా కథకు పనికొచ్చే సంగతా అక్కా?"

"ఆ ఊపిరి లేకపోతే కూరకే రుచి రాదనేది అమ్మ. నీ పుస్తకానికెలా వస్తుంది? పెద్ద రచయితవట."

అమ్మ 'హా' అని ఎగబీలిస్తే కింది అంతస్తుదాకా వినిపించేది. చిన్నప్పుడు అక్కా తమ్ముడూ అనుకరించి గరిటె దెబ్బలు తిన్నారు. చదువుకున్నవాళ్లు నవ్వుతారని షౌకీయే దాన్ని వదిలేశాడు.

వంటింట్లో నేతిలో వెల్లుల్లి, ధనియాలు ఎర్రబడ్డాయి. ఇన్‌సాఫ్ మూకుడు ఎత్తి కూరగిన్నె మీద పట్టుకుంది. నోరు తెరిచింది గాని ఊపిరి అందలేదు.

"నావల్ల కాదురా. వెల్లుల్లి మాడిపోతోంది, నువ్వు కానియ్."

"మగాణ్ణి, నేనా?"

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఆమె తాలింపు వంచింది. షౌకీ గట్టిగా ఊపిరి ఎగబీల్చాడు. లోపలికి వెళ్లిన ఊపిరి బయటికి ఏడుపై వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డా ఆగలేదు.

"ఏడువు," అంది అక్క, గరిటె తిప్పుతూనే. "కాస్త పక్కకు జరిగి ఏడువు, కూరలో పడుతుంది."

గురువారం వెళ్లిన మొదటి అధ్యాయంలో వంటిల్లు ఉన్నచోటే ఉంది. తాలింపు దగ్గర ఒక్క వాక్యం కొత్తగా చేరింది.